చిన్నపిల్లల్తో వ్యూ పాయింట్ దాకా: ఫ్యామిలీ మొదటి ట్రెక్‌కి స్టెప్ బై స్టెప్ గైడ్

ఇంట్లో ఐదేళ్ళ పాప, పదేళ్ళ బాబు, మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మ, వారమంతా కుర్చీలో కూర్చుని పని చేసే మీరిద్దరు, ఇలాంటి బ్యాచ్‌తో కొండెక్కగలమా అని చాలామందికి డౌటు. ఎక్కొచ్చండి, హాయిగా ఎక్కొచ్చు, కాకపోతే మనం ఫ్రెండ్స్‌తో వెళ్ళే ట్రెక్‌నే కొంచెం కుదించి ఫ్యామిలీకి వాడేద్దాం అనుకుంటే మాత్రం కుదరదు. ఫ్యామిలీ ట్రెక్‌లో దూరం, టైము, బ్యాగు, ఆగడాలు అన్నీ అందర్లోకి చిన్న కాళ్ళ లెక్కన మొదలుపెట్టాలి, అదీ పైకి ఎక్కే లెక్క కాదు, కిందకి దిగే లెక్క. ఈ ఒక్క మాట బుర్రలో ఉంటే కింద రాసినవాటిలో సగం మీకే తట్టేస్తాయి.

నేనిది ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే మా మొదటిసారి మేం రివర్స్‌లో చేశాం. సూర్యాస్తమయం పైనుంచి చూడాలని లెక్కేసుకుని వెళ్ళాం, చూశాం, చాలా బావుంది, ఆ తర్వాత పది నిమిషాల్లో చెట్ల కింద దారి కనిపించడం మానేసింది. చేతిలో ఒక్క ఫోను లైటు, చంకలో నిద్రపోయిన పాప, ఎక్కేటప్పుడు అరగంట పట్టిన దారి దిగడానికి గంటన్నర పట్టింది. ఎవరికీ ఏం కాలేదు కానీ ఆ గంటన్నర మా బాబు నా చెయ్యి పట్టుకున్న పట్టు నాకింకా గుర్తే. అప్పట్నుంచి ప్రతి ట్రెక్కీ కాగితం మీద లెక్కేసుకునే వెళ్తున్నాం.

స్టెప్ 1: దారి ఎంచుకోవడం

"ఈజీ" అని ఎవరైనా చెప్తే ఆగి రెండు నంబర్లు అడగండి: రానూపోనూ ఎన్ని కిలోమీటర్లు, మొత్తం ఎత్తు ఎన్ని మీటర్లు ఎక్కాలి. చాలామంది దూరం ఒక్కటే చూస్తారు, అసలు ఆయాసం తెప్పించేది ఎత్తు. మొదటిసారికి నా సలహా, రానూపోనూ కలిపి 3 కిలోమీటర్లు, ఎక్కే ఎత్తు 100 నుంచి 150 మీటర్లు, అంతకి మించొద్దు. 120 మీటర్లంటే ఎంతో అర్థం కావాలంటే, ఒక అంతస్తు సుమారు 3 మీటర్లు కదా, అంటే 40 అంతస్తుల బిల్డింగ్ ఎక్కినట్టు, కాకపోతే మెట్లమీద కాకుండా ఒకటిన్నర కిలోమీటరు పొడుగునా మెల్లగా. ఇలా చెప్పుకుంటే ఇంట్లో ఎవరు ఎక్కగలరో ఎవరు మధ్యలో కూర్చుంటారో మీకే తెలిసిపోతుంది.

వాలు కూడా లెక్కెయ్యొచ్చు, చాలా సింపుల్. ఎక్కే ఎత్తుని, పైకి వెళ్ళే దూరంతో భాగించండి. 120 మీటర్లు, 1500 మీటర్ల దారి అంటే వందకి 8. వందకి 10 లోపు ఉంటే పిల్లలు కబుర్లు చెప్పుకుంటూ నడుస్తారు, 15 అయితే కబుర్లు ఆగిపోతాయి, 20 దాటితే దాన్ని ఈజీ అన్నవాళ్ళు పిల్లల్తో వెళ్ళి ఉండరు. ఇది సగటు మాత్రమేనండోయ్, మొత్తం చదునుగా ఉండి చివరి 200 మీటర్లు నిటారుగా ఉన్నా సగటు 8 అనే వస్తుంది, అందుకే మ్యాప్‌లో కాంటూర్ గీతలు (ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలుపుతూ గీసే గీతలు) కూడా చూడండి, గీతలు దగ్గరదగ్గరగా కుక్కినట్టు ఉన్నచోట నిటారు, విడివిడిగా ఉన్నచోట చదును. ఎక్కడ నిటారుందో ముందే తెలిస్తే దానికి ముందు ఒక చోట ఆగి నీళ్ళు తాగించి ఎక్కించొచ్చు.

ఇంకో రెండు మూడు సంగతులు ఉన్నాయి, వెళ్ళినవాళ్ళు పెట్టిన ఫోటోల్లో వ్యూ కాకుండా దారి చూడండి, కాళ్ళ కింద మట్టా, మెట్లా, పెద్ద బండలా, జారే కంకరా. వ్యూ పాయింట్ దగ్గర రైలింగ్ ఉందా, కూర్చోడానికి వెడల్పు చోటు ఉందా, లేక సన్నటి అంచేనా. మరీ చిన్నపిల్లలుంటే రైలింగ్ లేని, చోటు లేని వ్యూ పాయింట్ ఎంత అందంగా ఉన్నా ఇంకో రెండేళ్ళు వాయిదా వేసెయ్యడం మంచిది, కొండ ఎక్కడికీ పోదు. గేటు టైమింగులు, పర్మిషన్లు, ఆ సీజన్‌లో దారి తెరిచి ఉందా లేదా అన్నది ముందురోజే కనుక్కోండి.

వెళ్ళిన దారినే తిరిగొచ్చే రూటా, చుట్టూ తిరిగొచ్చే రూటా అని అడిగితే మొదటిసారికి వెళ్ళిన దారినే రావడం బెస్ట్. ఎందుకంటే ఏ పాయింటులో అయినా వెనక్కి తిరిగిపోవచ్చు, దారి తెలిసినదే, ఎంతసేపు పడుతుందో తెలుసు. చుట్టూ తిరిగే దారిలో సగానికి వచ్చాక పాప నడవనంటే ముందుకెళ్ళినా వెనక్కెళ్ళినా అంతే దూరం.

స్టెప్ 2: టైము లెక్క, అదీ వెనక నుంచి

1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక చిన్న లెక్క చెప్పాడు, ఇప్పటికీ ట్రెక్ చేసేవాళ్ళు వాడతారు: ప్రతి 5 కిలోమీటర్లకి ఒక గంట, దాని మీద ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. మన 3 కిలోమీటర్లకి 36 నిమిషాలు, 120 మీటర్ల ఎత్తుకి 12 నిమిషాలు, మొత్తం 48 నిమిషాలు. ఇది బాగా నడిచే పెద్దవాళ్ళకి, ఎక్కడా ఆగకుండా. పిల్లల్తో అయితే దీన్ని డబుల్ చేసెయ్యండి, అంటే గంటా నలభై నిమిషాలు అనుకోండి, పైకి ఒక గంట, కిందకి 40 నిమిషాలు. నేను చూసినంతవరకు నాలుగైదేళ్ళ పిల్లలకి డబుల్ సరిపోతుంది, రెండు మూడేళ్ళవాళ్ళు సొంతంగా నడుస్తామంటే మాత్రం ఏ లెక్కా పనిచెయ్యదు, ఒక చీమలబారు కనిపించిందంటే అక్కడే పావుగంట.

ఇప్పుడు వెనకనుంచి లెక్క. మధ్యాహ్నం పూట వెళ్తున్నారు, ఆరింటికి సూర్యుడు దిగిపోతాడనుకోండి. ఐదున్నరకల్లా బండి దగ్గర ఉండాలి, ఈ అరగంట మార్జిన్‌ని దేనికోసమూ తినెయ్యకండి. దిగడానికి 40 నిమిషాలు, మధ్యలో ఆగడానికి ఇంకో పది, అంటే 4:40కి పైన లేవాలి. పైన 40 నిమిషాలు కూర్చోవాలంటే నాలుగింటికి చేరాలి, అంటే మూడింటికి నడక మొదలవ్వాలి. నడక మొదలవ్వాలి అంటే పార్కింగ్‌లో లేసులు కట్టుకోవడం, టాయిలెట్‌లు, టోపీ ఎక్కడుందో వెతుక్కోవడం అన్నీ అయిపోయి అని అర్థం, వీటికే ఇరవై నిమిషాలు పడుతుంది.

ఇందులో ముఖ్యమైంది ఆ 4:40, అది వెనక్కి తిరిగే టైమ్. ఆ టైముకి మీరు పైన ఉన్నా, ఇంకా సగం దారిలో ఉన్నా, వ్యూ పాయింట్ ఇంకో రెండొందల మీటర్లే అని బోర్డు కనిపిస్తున్నా తిరిగెయ్యాలి. కష్టమే, పిల్లలు ఏడుస్తారు, పెద్దవాళ్ళకి ఇంకా ఎక్కువ బాధ. అందుకే ఇంట్లోనే అందరికీ చెప్పెయ్యండి, బాబు చేతికి వాచీ కట్టి "4:40కి నువ్వే చెప్పాలి" అనండి, వాడు ఆ బాధ్యత ఎంత సీరియస్‌గా తీసుకుంటాడో చూడండి.

స్టెప్ 3: ఏ పూట వెళ్ళాలి

పిల్లల్తో అయితే పొద్దున్నే బెస్ట్ అని నా గట్టి అభిప్రాయం, ఎండ తక్కువ, పిల్లలు ఫ్రెష్‌గా ఉంటారు, ఏదైనా లేటయినా ముందు పగలంతా ఉంటుంది. కానీ వ్యూ ఎలా కనిపిస్తుందన్నది వ్యూ పాయింట్ ఏ దిక్కుకి చూస్తుందన్నదాని మీద ఉంటుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. పడమర వైపు తిరిగిన అంచు అయితే పొద్దున సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు, లోయంతా వెలుతురు పడి ప్రతి చెట్టూ విడిగా కనిపిస్తుంది. అదే చోటు సాయంత్రం అయితే సూర్యుడు ఎదురుగా ఉంటాడు, రంగులు బావుంటాయి కానీ లోయ మసగ్గా ఒకే ముద్దలా ఉంటుంది. తూర్పు వైపు తిరిగింది అయితే దీనికి సరిగ్గా రివర్స్. మ్యాప్ తెరిచి ఏ దిక్కో చూస్కోండి, ఒక్క నిమిషం పని.

వాన వెలిసిన మర్నాడు గాలిలో దుమ్ము కడుక్కుపోయి చాలా దూరం కనిపిస్తుంది, కాకపోతే దారి తడిగా ఉంటుంది, నాచు పట్టిన బండల మీద జారుతుంది, ఒక రోజు ఎండ కాశాక వెళ్తే రెండూ దక్కుతాయి. పొద్దున్నే లోయలో పొగమంచు ఉంటే నిరాశ పడకండి, రాత్రి చల్లబడిన గాలి బరువుకి కిందకి జారి లోయలో పేరుకుంటుంది, అందుకే అక్కడ మంచు ఎక్కువ, ఎండెక్కాక చాలాసార్లు కరిగిపోతుంది, కొన్నిసార్లు పైన మీరు మంచుకి ఎగువన ఉండి తెల్లటి సముద్రంలా కనిపిస్తుంది, అది దొరికితే అదృష్టమే.

ఉరుములుంటే మాత్రం వెళ్ళొద్దు, ఇందులో చర్చ లేదు. వ్యూ పాయింట్ అంటేనే చుట్టుపక్కల్లో ఎత్తుగా, ఓపెన్‌గా ఉండే చోటు, పిడుగుకి సరిగ్గా అలాంటి చోటే కావాలి. శబ్దం ఒక కిలోమీటరు రావడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది, మెరుపు కనిపించాక లెక్కపెట్టండి, 30 లోపు ఉరుము వినిపించిందంటే పిడుగు 10 కిలోమీటర్ల లోపల పడింది, వెంటనే దిగాలి. చివరి ఉరుము వినిపించాక 30 నిమిషాలు ఆగాకే మళ్ళీ ఓపెన్ చోటుకి రావాలి. అసలు మెరుపు కనిపించకుండా ఉరుము ఒక్కటే వినిపించినా దిగెయ్యడమే. ఒంటరి చెట్టు కింద నిలబడొద్దు.

స్టెప్ 4: కాళ్ళకి, ఒంటికి, బ్యాగులోకి

కొత్త షూస్ కొని నేరుగా కొండకి తీస్కెళ్ళొద్దు, ఒక వారం ఇంటి చుట్టూ వాడాక తీస్కెళ్ళండి. ఇంత చిన్న దారికి ఖరీదైన ట్రెక్కింగ్ బూట్లు అక్కర్లేదు, అడుగున గీతలు అరిగిపోని మామూలు స్పోర్ట్స్ షూస్ చాలు, ముందు వేళ్ళకి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. చెప్పులు, వెనక పట్టీ లేని శాండల్స్ వద్దు. సాక్స్ ఇంకో జత బ్యాగులో పడెయ్యండి, పిల్లలు నీళ్ళల్లో కాలు పెట్టకుండా ఉండరు.

పైకెళ్తే చలి అనుకుని పిల్లలకి స్వెట్టర్లు తొడిగేస్తారు, నిజానికి ఎత్తు వల్ల తగ్గేది కిలోమీటరుకి సుమారు ఆరున్నర డిగ్రీలు, మన 120 మీటర్లకి ఒక డిగ్రీ కూడా తగ్గదు. పైన చలెయ్యడానికి అసలు కారణం గాలి, దానికి తోడు చెమటతో తడిసిన బట్టలు. ఎక్కేటప్పుడు పల్చటివే వేసి, పైకి చేరగానే గాలి ఆపే పల్చటి జాకెట్ తొడగండి, చల్లటి రోజైతే లోపల తడి బనీను మార్చెయ్యండి. చలి, వాన ఉన్న రోజుల్లో కాటన్ వద్దు, తడిస్తే ఒక పట్టాన ఆరదు. వేడి రోజుల్లో కాటన్ హాయిగానే ఉంటుంది.

వీపు మీద క్యారియర్‌లో కూర్చునే బుజ్జాయి ఉంటే ఒక సంగతి గుర్తుంచుకోండి, మోసేవాళ్ళకి చెమటలు పడుతుంటాయి, బిడ్డ మాత్రం కదలకుండా కూర్చుని ఉంటుంది, కాబట్టి మీకు వేడిగా ఉందని బిడ్డకి కూడా వేడిగా ఉందనుకోవద్దు, పావుగంటకోసారి మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి, పాదాలు చూడండి. మెడ నిలబెట్టి సొంతంగా కూర్చోగలిగాకే ఫ్రేమ్ ఉన్న క్యారియర్. కొమ్మల కింద వంగేటప్పుడు మీ తల దాటినా మీ వెనక ఇంకో తల ఉందని మర్చిపోవద్దు.

నీళ్ళు పెద్దవాళ్ళకి గంటకి అరలీటరు, పిల్లలకి దాన్లో సగం పైన, వేడి రోజైతే ఇంకా ఎక్కువ. మనది మొత్తం రెండున్నర గంటల ప్రోగ్రాం, అమ్మమ్మతో కలిపి ఐదుగురికి ఐదు లీటర్ల పైన, అంటే ఐదు కిలోల పైన, అందుకే బ్యాగులో మిగతా చెత్త తగ్గించమనేది. పిల్లలకి వాళ్ళ బ్యాగు వాళ్ళకి ఇవ్వండి, బరువు వాళ్ళ ఒంటి బరువులో పదో వంతు దాటకుండా, 20 కిలోల పాపకి 2 కిలోల లోపు, చిన్న నీళ్ళ సీసా, చిరుతిండి, జాకెట్, ఒక విజిల్. ఆ బ్యాగు తర్వాత మీరే మోస్తారు, కాబట్టి అది మీ బ్యాగులో పట్టేంత చిన్నగా ఉండాలి.

మిగతావి గబగబా చెప్పేస్తా. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆ పైది, బయల్దేరే ముందు ఓ పావుగంట ముందే, రెండు గంటలకోసారి మళ్ళీ, ఆర్నెల్లలోపు బిడ్డలకి మాత్రం క్రీము బదులు నీడ, టోపీ, నిండు బట్టలు. తల మీద పెట్టుకునే టార్చి ఒకటి, పగలు వెళ్ళినా సరే. బ్యాండేజీలు, టేపు, క్రేప్ బ్యాండేజ్, మీరు రోజూ వేసుకునే మందులు. చెత్తకి ఒక కవరు. తడి బట్ట లేదా వైప్స్. తిండి విషయంలో చేతికి అంటుకోనివి, నలగనివి, ఒక్కో ముక్కగా ఇవ్వగలిగేవి తీస్కోండి, ఇంకో పూటకి సరిపడా కొంచెం ఎక్కువే పెట్టండి.

స్టెప్ 5: బయల్దేరే ముందు అయిదు నిమిషాలు

ఇంట్లో ఉండిపోయే ఒకళ్ళకి మెసేజ్ పెట్టండి, ఏ దారి, ఎంతమంది, ఎన్నింటికి తిరిగొస్తాం, ఆ టైము దాటి ఎంతసేపటికి ఫోన్ రాకపోతే కంగారు పడాలి. చివరిది ముఖ్యం, అది చెప్పకపోతే వాళ్ళు మొహమాటంతో రాత్రి దాకా ఆగుతారు.

ఫోన్లో మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేస్కోండి. జీపీఎస్‌కి నెట్‌వర్క్ అక్కర్లేదు, ఉపగ్రహాల నుంచి నేరుగా సిగ్నల్ తీస్కుంటుంది, కాబట్టి మ్యాప్ ఫోన్లో ఉంటే చాలు, మీరెక్కడున్నారో చుక్క కనిపిస్తుంది. సిగ్నల్ లేనిచోట ఫోను టవర్ కోసం వెతికి వెతికి బ్యాటరీ తినేస్తుంది, అందుకే ఒక ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి దాచండి, ఫోటోలు ఇంకోదాంతో. పార్కింగ్ చోటు మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి, నడక మొదలయ్యే చోట ఉన్న బోర్డుని ఫోటో తీస్కోండి, అందులో దారుల మ్యాపు, ఎమర్జెన్సీ నంబరు ఉండొచ్చు.

ఆ రోజు అందరు వేసుకున్న బట్టలు కనిపించేలా ఒక గ్రూప్ ఫోటో కూడా, ఎవరైనా తప్పిపోతే "ఎర్ర టోపీ, పసుపు టీషర్టు" అని గుర్తు తెచ్చుకోవక్కర్లేదు, ఫోటో చూపిస్తే చాలు.

స్టెప్ 6: ఎక్కేటప్పుడు

ముందు ఒక పెద్దమనిషి, వెనక ఒక పెద్దమనిషి, పిల్లలు మధ్యలో. వెనకుండేవాళ్ళ వెనక ఎవ్వరూ ఉండకూడదు, అమ్మమ్మతో సహా. దారి రెండుగా చీలిన ప్రతిచోటా అందరూ కలిసేదాకా ఆగాలి, పదేళ్ళ బాబుకి ముందు పరిగెత్తాలనిపిస్తుంది, పరిగెత్తనివ్వండి, కానీ "నేను నీకు కనిపించాలి, చీలిక దగ్గర ఆగాలి" అన్న రెండు రూల్స్ మాత్రం కచ్చితం.

మొదటి పావుగంట కావాలనే నిదానంగా నడవండి. ఉత్సాహంలో అందరూ ఫాస్ట్‌గా మొదలుపెట్టి మొదటి ఎత్తుకే ఆయాసపడి "ఇంకెంత దూరం" మొదలవుతుంది. నడుస్తూ పూర్తి వాక్యం మాట్లాడగలిగితే స్పీడు సరిగ్గా ఉన్నట్టు, మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీలుస్తున్నారంటే తగ్గించండి. ఈ టెస్టు అమ్మమ్మ మీద కూడా చెయ్యండి, ఆవిడ అడిగితే "నాకేం, బానే ఉన్నా" అంటుంది, మాటల మధ్య ఊపిరి అసలు సంగతి చెప్పేస్తుంది. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, చల్లటి చెమటలు ఉంటే అక్కడితో ట్రెక్ ఆపి కూర్చోబెట్టి సాయానికి ఫోన్ చెయ్యాలి, కాసేపాగి చూద్దాం అనుకోవద్దు.

ముప్పై నలభై నిమిషాలకోసారి, పిల్లలు అడగకముందే ఒక గుక్క నీళ్ళు, ఒక ముద్ద తిండి. పిల్లలు ఆకలేస్తోందని చెప్పరు, చిరాకు పడతారు, రాయి మీద కూర్చుండిపోతారు, అన్నతో గొడవ పెట్టుకుంటారు. అది మొండితనం అనుకుని అరిచే ముందు ఏదైనా తినిపించి చూడండి, పది నిమిషాల్లో మనిషే మారిపోతుంది.

కాలు ఎక్కడో వెచ్చగా మంటగా ఉందని అంటే అప్పటికప్పుడు షూ విప్పి చూడండి, పైకెళ్ళాక చూద్దాంలే అనొద్దు. బొబ్బ లేచేముందు ఆ చోటు ఎర్రబడి వెచ్చబడుతుంది, అప్పుడే టేపు అంటిస్తే ఆగిపోతుంది, బొబ్బ లేచాక చేసేదేం ఉండదు, దిగేదాకా కుంటడమే.

పిల్లల్ని నడిపించడం ఎలాగంటే, వ్యూ పాయింట్ ఆశ చూపిస్తే నడవరు, వాళ్ళకి దూరంలో ఉన్న అందం అర్థం కాదు, దగ్గర్లో ఉన్నది కావాలి. "ఆ వంకర చెట్టు దాకా", "ఆ పెద్ద బండ దాకా" అని ముక్కలు చెయ్యండి. ఐదు రకాల ఆకులు లెక్కపెట్టమనండి, తెంపకుండా. ఎవరికి ముందు నీలిరంగు పువ్వు కనిపిస్తుందో అనండి. కాసేపు వాళ్ళని ముందు నడవనిస్తే అలసిపోయిన పిల్లకి కూడా హుషారొస్తుంది, లీడర్ కదా. చీమలబారు దగ్గర కూర్చుంటే కూర్చోనివ్వండి, టైము లెక్కలో అది కలిపే ఉంచాం.

టాయిలెట్ అవసరం వస్తే దారికీ నీళ్ళకీ కనీసం 60 మీటర్లు దూరంగా, అంటే పెద్దవాళ్ళ అడుగులు ఓ 80, ఒక పెద్దమనిషి తోడుగా. రెండోదైతే 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి పూడ్చెయ్యాలి, వైప్స్ మాత్రం అందులో పడెయ్యొద్దు, కవర్లో వెనక్కి తేవాల్సిందే.

స్టెప్ 7: వ్యూ పాయింట్ దగ్గర

ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే దారి పొడుగునా చెయ్యి పట్టుకుని నడిపించిన తల్లిదండ్రులు సరిగ్గా ఇక్కడే చెయ్యి వదిలేస్తారు. చేరిపోయాం అన్న రిలీఫ్, ఎదురుగా అంత అందం, ఫోను బయటికొస్తుంది, పిల్లలు అటు పరిగెత్తుతారు. దారి మొత్తంలో నిజంగా ప్రమాదం ఉన్న చోటు ఇదొక్కటే కావచ్చు.

అందుకే చివరి మలుపుకి ముందే, అంచు కనిపించకముందే, అందర్నీ ఆపండి. చిన్నపిల్లల చెయ్యి పట్టుకోండి, ఎవరికి ఎవరు బాధ్యతో పేర్లతో చెప్పుకోండి, "పాప నాతో, బాబు నీతో". అందరం చూస్తున్నాంలే అంటే ఎవరూ చూడట్లేదనే లెక్క. తర్వాత వెళ్ళి అంచుకి దూరంగా, ఇద్దరు పెద్దమనుషులు పడుకుంటే పట్టేంత దూరంలో, ఒక చోటు చూసి ముందు అందరూ కూర్చోండి. కూర్చుని చూడటం అన్నది మా ఇంట్లో రూలు, నిలబడి చూడాలంటే ఒక్కొక్కళ్ళుగా, పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకుని.

అంచు ఎందుకంత నమ్మరాదంటే, మీరు నిలబడ్డ బండ కింద ఏముందో పైనుంచి కనిపించదు. వాన, గాలి కింద మెత్తటి పొరని ముందు తినేస్తాయి, పైన గట్టి పొర చూరులాగా ముందుకు పొడుచుకుని ఉండిపోతుంది. మట్టి అంచు అయితే గడ్డి వేళ్ళే దాన్ని పట్టుకుని ఉంటాయి, చూడ్డానికి పచ్చగా గట్టిగా ఉంటుంది, కింద ఖాళీ ఉండొచ్చు. బండ మీద సన్నటి ఇసుక ఉంటే గోళీల మీద కాలు పెట్టినట్టే. రైలింగ్ ఉంటే దాని మీద పిల్లల్ని కూర్చోబెట్టొద్దు, ఫోటో కోసం కూడా, క్షణం కూడా. రాళ్ళు కిందకి విసరనివ్వొద్దు, కింద దారిలో ఎవరైనా ఉండొచ్చు, బండకింద తేనెపట్టు ఉండొచ్చు.

ఫోటోలు తీస్కోండి, మంచి ఫోటోకి అంచు మీద నిలబడక్కర్లేదు. మనుషుల్ని అంచుకి మూడు నాలుగు మీటర్లు లోపల కూర్చోబెట్టి, మీరు ఇంకా వెనక్కొచ్చి, ఫోన్ కిందకి పట్టుకుని కొంచెం జూమ్ చేస్తే వాళ్ళ వెనక నేల ఫ్రేములో దాదాపు కనిపించదు, నేరుగా లోయే ఉన్నట్టు వస్తుంది. తీసేవాళ్ళు స్క్రీన్ చూస్తూ ఒక్క అడుగు కూడా వెయ్యకూడదు, ముందుకీ వెనక్కీ. ఆగి, ఫోను దించి, కింద చూసి, అడుగేసి, మళ్ళీ ఫోను ఎత్తాలి.

ఇక ఆ నలభై నిమిషాలు ఏం చెయ్యాలి అంటే, ముందు జాకెట్లు, తర్వాత తిండి, తర్వాత ఒక ఐదు నిమిషాలు ఎవ్వరూ మాట్లాడకుండా కూర్చోండి, పిల్లలు ఎన్ని శబ్దాలు విన్నారో తర్వాత చెప్పాలి, వాళ్ళ లిస్టు మనకంటే పొడుగ్గా ఉంటుంది. పెద్ద పిల్లలు ఎంత దూరం కనిపిస్తోందని అడుగుతారు, దానికీ లెక్కుంది: చుట్టూ చదును నేల అయితే, దానికంటే మీ కళ్ళు ఎన్ని మీటర్ల ఎత్తులో ఉన్నాయో దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే దిగంతం ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 100 మీటర్ల ఎత్తుకి సుమారు 36 కిలోమీటర్లు. నేల మీద నిలబడ్డప్పుడు నాలుగున్నర కిలోమీటర్లే. రెట్టింపు దూరం చూడాలంటే రెట్టింపు ఎత్తు చాలదు, నాలుగు రెట్లు ఎక్కాలి, భూమి గుండ్రం కాబట్టి. మా బాబు దీన్ని కొండమీద కూర్చుని ఒక పుల్లతో మట్టిలో గీసి లెక్కేశాడు, నాకు ఆ రోజు వ్యూ కంటే అదే ఎక్కువ గుర్తుండిపోయింది.

జంతువులు, పక్షులు దగ్గరికొస్తే తిండి పెట్టొద్దు, మన చేతి తిండికి అలవాటు పడ్డ జంతువు తర్వాత వచ్చే పిల్లల చేతిలోంచి లాక్కుంటుంది. పండు తొక్కలు, గింజలు కూడా కవర్లోకే.

సూర్యుడు దిగడానికి ఎంత టైముందో వాచీ లేకుండా చూడాలంటే, చెయ్యి పూర్తిగా చాచి వేళ్ళు అడ్డంగా పెట్టి, సూర్యుడి అడుగుకీ దిగంతానికీ మధ్య ఎన్ని వేళ్ళు పడతాయో చూడండి, వేలికి సుమారు పావుగంట. ఇది ఉజ్జాయింపే, సూర్యుడి వైపు నేరుగా కళ్ళు పెట్టనివ్వొద్దు.

స్టెప్ 8: దిగడం

4:40 అయింది, లేవండి. దిగడం ఈజీ అనుకుంటారు, ఊపిరికి ఈజీ, కాళ్ళకి కాదు. ఎక్కేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటూ పనిచేస్తుంది, దిగేటప్పుడు సాగుతూ బ్రేకు వేస్తుంది, మర్నాడు నొప్పులు తెచ్చేది ఎక్కువగా ఈ సాగే పనే. పైగా అప్పటికే అలసిపోయి ఉంటారు, ధ్యాస ఇంటి మీద ఉంటుంది.

లేచేముందు అందరి లేసులు విప్పి, మడమని వెనక్కి గట్టిగా ఆన్చి, చీలమండ దగ్గర కొంచెం బిగించి కట్టండి, లేకపోతే ప్రతి అడుగుకీ పాదం ముందుకి జారి వేళ్ళు షూకి కొట్టుకుంటాయి. చిన్న చిన్న అడుగులు, మోకాలు కొంచెం వంచి. నిటారు చోట్ల పిల్లలకంటే ఒక అడుగు కింద మీరుండాలి, జారితే మీ మీదకి జారతారు. అమ్మమ్మకి చేతికర్రలు రెండు ఉంటే మోకాళ్ళ మీద భారం బాగా తగ్గుతుంది, దిగేటప్పుడు కర్ర కొంచెం పొడుగు చెయ్యాలి. కంకర ఉన్నచోట ఆవిడ పక్కకి తిరిగి దిగినా తప్పేం లేదు. పిల్లలు పరిగెత్తాలని చూస్తారు, వాలు పట్టాక ఆగలేరు, చదును వచ్చేదాకా చెయ్యి వదలొద్దు.

ఏదైనా తేడా వస్తే

దారి తప్పామనిపిస్తే మొదట ఆగడం, ముందుకెళ్తే ఎక్కడో కలుస్తుందిలే అని నడవకుండా. మ్యాప్ చూడండి, కచ్చితంగా తెలిసిన చివరి చోటు దాకా వెనక్కి వెళ్ళండి. అడ్డదారిన కిందకి దిగితే రోడ్డొస్తుంది అనుకోవద్దు, ఎక్కలేని దిగలేని చోట ఇరుక్కుంటారు.

పిల్లలకి ముందే నేర్పాల్సింది ఒకటుంది: తప్పిపోతే దగ్గర్లో ఉన్న చెట్టు దగ్గరే ఉండిపోవాలి, కదలకూడదు. 1981లో అమెరికాలో ఒక చిన్న పిల్లాడు తప్పిపోయి చనిపోయాక, పిల్లలకి "చెట్టుని వాటేసుకో" అని నేర్పే కార్యక్రమం మొదలైంది. పిల్లలు కదులుతూ ఉంటే వెతికే ప్రాంతం పెరిగిపోతూ ఉంటుంది, ఒకేచోట ఉంటే త్వరగా దొరుకుతారు. విజిల్ మూడుసార్లు ఊది, ఆగి, మళ్ళీ మూడుసార్లు. అరుపు కంటే విజిల్ దూరం వినిపిస్తుంది, గొంతు పోదు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు కొత్తవాళ్ళైనా పలకాలి, వాళ్ళు వెతకడానికి వచ్చినవాళ్ళు, తప్పిపోయినందుకు ఎవరూ తిట్టరు అని ముందే చెప్పండి, తిడతారన్న భయంతో దాక్కునే పిల్లలుంటారు. ఇంట్లో ఒకసారి ఆటలాగా ప్రాక్టీస్ చేయించండి, విజిల్ మూడుసార్లు ఊది సోఫా దగ్గర కదలకుండా ఉండటం.

చీలమండ బెణికితే అక్కడే కూర్చోబెట్టి క్రేప్ బ్యాండేజ్ చుట్టండి, నాలుగడుగులు కూడా వెయ్యలేకపోతే ఎముక విరిగి ఉండొచ్చు అనుకుని సాయం పిలవడమే. ఫోన్ కలవకపోతే మెసేజ్ ట్రై చెయ్యండి, కాల్‌కి చాలని సిగ్నల్‌లో కూడా మెసేజ్ వెళ్ళే అవకాశం ఉంది, అందులో మ్యాప్‌లో కనిపించే మీ లొకేషన్ నంబర్లు రాయండి. కూర్చున్నవాళ్ళకి త్వరగా చలేస్తుంది, జాకెట్ కప్పండి, కింద బ్యాగు వెయ్యండి.

ఇంటికొచ్చాక

ముందు మెసేజ్ పెట్టినవాళ్ళకి వచ్చేశామని చెప్పండి, ఇది మర్చిపోతారు, అక్కడ వాళ్ళు కంగారు పడుతుంటారు. గడ్డిలో నడిచి ఉంటే స్నానానికి ముందు పిల్లల చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ళ వెనక, నడుము దగ్గర పురుగులు అంటుకున్నాయేమో చూడండి. రెండు మూడు రోజులు తొడలు పట్టేసినట్టు ఉంటే కంగారొద్దు, మామూలుగా నడుస్తూ ఉంటే వదిలేస్తుంది, కీలు వాచినా, నొప్పి ఒక్కచోటే పొడుస్తున్నా డాక్టరుకి చూపించండి.

పడుకునేముందు ఒక రెండు నిమిషాలు ఫోన్లో రాస్కోండి, ఎక్కడానికి ఎంత పట్టింది, దిగడానికి ఎంత, నీళ్ళు ఎంత మిగిలాయి, పాప ఎన్నో నిమిషంలో మొదటిసారి ఎత్తుకోమంది. మాకు మొదట్లో 35వ నిమిషం ఉండేది, ఏడాది తిరిగేసరికి 70 అయింది, ఇప్పుడు మేం దారి ఎంచుకునేది ఆ నంబరు చూసే.